మన దారిన నడిచిన బండ్లు

మైకు పక్కన బల్ల మీద ఒక చిన్న కారును పెట్టుకుని మాట్లాడుతున్నాను. మీకు కనిపించదు కాబట్టి అదెలా ఉంటుందో చెబుతాను. పొడవు నా చూపుడువేలంత. ఒకప్పటి రంగు నీలం. అంచుల దగ్గర రంగు లేచిపోయి లోపలి బూడిదరంగు లోహం బయటపడింది. ముందు తలుపులను గోటితో మీటితే తెరుచుకుంటాయి. పైన వేలు పెట్టి నొక్కితే చక్రాల మీద కాస్త కుంగి, వేలు తీయగానే లేస్తుంది. బోర్లా తిప్పితే అడుగున ఇంగ్లిషు అక్షరాల్లో టొమికా అనీ, టొయోటా క్రౌన్ అనీ, జపాన్‌లో తయారైందనీ కనిపిస్తుంది.

జపాన్ కార్ల చిన్న నమూనాలు సేకరించడం నాకు అలవాటు. ఇప్పటికి 140 దాకా పోగయ్యాయి. వాటిలో మొదటిది ఇదే. ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందో, దీని వెనకాల మిగతావన్నీ ఎందుకు వచ్చాయో ఈ కాసేపట్లో చెబుతాను.

నేను పుట్టింది జగ్గయ్యపేటలో. లెక్కలు చెప్పే ఉద్యోగం నందిగామలో. రెండూ పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు ఊళ్లు, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లావి. పత్తీ, మిరపా పండే నేల. ఆ నేలను చీల్చుకుంటూ హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే జాతీయ రహదారి ఉంది. ఇప్పుడు దాని నంబరు 65, నా చిన్నప్పుడు 9. ఆ రోడ్డు పక్కన, చిల్లకల్లు దగ్గర, మా నాన్నకు పంక్చర్ల షాపు ఉండేది. షాపంటే ఒక రేకుల పంచ, ఒక నులక మంచం, ఒక నీళ్ల తొట్టి, వేలాడదీసిన పాత టైర్లు.

బడి వదలగానే నేను షాపుకు చేరేవాణ్ని. గాలి కొట్టిన ట్యూబును నాన్న తొట్టిలో ముంచి మెల్లగా తిప్పుతుంటే, బుడగలు వచ్చిన చోట చీపురు పుల్ల విరిచి గుచ్చడం నా పని. అందుకే బండి పేరు కంటే ముందు దాని టైరు నాకు తెలిసేది. లారీది 20 అంగుళాల రిమ్ము, జీపుది 16, అంబాసిడర్‌ది 15. దూరంగా వచ్చే బండి చక్రం చూసి అదేమిటో చెప్పేసేవాణ్ని.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి కారు తాళాలు కొన్నవారి చేతికిచ్చారు. జపాన్‌లోని సుజుకీ కంపెనీ నమూనాతో ఇక్కడ కట్టిన కారు అది. మా షాపు ముందు అలాంటి కారు మొదటిసారి ఆగింది 1985లో. నాన్న జాకీ వేసి, నట్లు విప్పి, చక్రాన్ని ఒంటిచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. 12 అంగుళాల రిమ్ము. "ఏంట్రా ఇది, బొమ్మకారు చక్రంలా ఉంది!" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. పంక్చర్ వేసి, చక్రం బిగించి, కారు వెళ్లిపోయాక కూడా చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఇక ఇవే వస్తాయిరా మన రోడ్డు మీదికి" అన్నాడు. ఆ మాట నిజమైంది.

ఆ మరుసటి వేసవి, 1986లో, ఒక సాయంత్రం హైదరాబాద్ వైపు వెళ్తున్న కుటుంబం మా షాపు దగ్గర ఆగింది. తెల్ల అంబాసిడర్. వెనక చక్రం దిగిపోయింది. నా ఈడు పిల్లాడు ఒకడు నులక మంచం మీద కూర్చుని, చేతిలో ఏదో పెట్టుకుని తనలో తాను ఆడుకుంటున్నాడు. పని అయింది, వాళ్లు వెళ్లిపోయారు. చీకటి పడ్డాక మంచం ఎత్తితే కింద ఈ నీలం కారు కనిపించింది.

నేను చెయ్యి చాపాను. నాన్న ఒప్పుకోలేదు. "పరాయి పిల్లాడి వస్తువు. వెతుక్కుంటూ వస్తారు. ముట్టుకోకు" అన్నాడు. దాన్ని గుడ్డతో తుడిచి, పంక్చర్ సొల్యూషన్ డబ్బాలు పెట్టే పలక మీద పెట్టాడు. రోజూ చూసేవాణ్ని, తాకేవాణ్ని కాదు. ఆ పిల్లాడు రాలేదు. నా పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నాన్న దాన్ని దించి నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా ఉంచు. ఎప్పుడైనా అడిగితే ఇచ్చెయ్యాలి" అన్నాడు.

అడుగున ఉన్న టొమికా అనే మాటకు అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. టోమీ అనేది జపాన్‌లో బొమ్మలు చేసే కంపెనీ. 1970 ఆగస్టులో ఆరు కార్లతో ఒక వరసను మొదలుపెట్టింది. డాట్సన్ బ్లూబర్డ్ ఎస్ఎస్ఎస్ కూపే, టొయోటా కరోనా మార్క్ టూ, టొయోటా క్రౌన్ సూపర్ డీలక్స్, క్రౌన్ పోలీసు కారు, టొయోటా 2000 జీటీ, నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్. ఒక్కోటి 180 యెన్లు. అప్పటికే ప్రపంచంలో చిన్న లోహపు కార్లు బోలెడు. ఇంగ్లండులో లెస్నీ కంపెనీ 1953 నుంచి అగ్గిపెట్టెల్లాంటి డబ్బాల్లో మ్యాచ్‌బాక్స్ బండ్లు అమ్ముతోంది. అమెరికాలో 1968లో హాట్‌వీల్స్ వచ్చాయి. జపాన్ పిల్లలు ఆడుకున్నవి కూడా ఎక్కువగా దిగుమతి కార్లే. గుమ్మం దాటితే వీధిలో బ్లూబర్డ్, క్రౌన్ తిరుగుతున్నాయి. చేతిలో మాత్రం పరదేశపు బండి. ఆ తేడాను పోగొట్టడానికే టొమికా పుట్టింది. మన వీధిలో తిరిగే బండి మన పిల్లాడి అరచేతిలో ఉండాలన్నది దాని ఆలోచన.

ఆ ఆలోచనకు ఇంకా పాత వేరు ఉంది. 1945లో యుద్ధం ముగిశాక జపాన్‌లో తినడానికే కరువు. బొమ్మలకు రేకు ఎక్కడిది? క్యోటో పక్కన ఓత్సు పట్టణంలో కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు అమెరికా సైన్యం వాడి పారేసిన తిండి డబ్బాలను కత్తిరించి, మడిచి చిన్న జీపులు చేశాడు. డిసెంబరులో క్యోటోలో ఒక్కోటి 10 యెన్లకు అమ్మకానికి పెడితే జనం బారులు తీరారు. అప్పుడు వాళ్ల వీధుల్లో తిరుగుతున్నది ఆ జీపే. పిల్లలు చూస్తున్నది దాన్నే.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి ముంజికాయల బండి గుర్తొచ్చింది. వేసవిలో ముంజలు తినేసి, ఖాళీ కాయలు రెండింటిని ఒక పుల్లకు అటూ ఇటూ గుచ్చి, పంగల కర్రతో నెట్టుకుంటూ పరుగెత్తని పిల్లాడు మా తరంలో ఉన్నాడా? నేను ఆ కాయల మీద మేకుతో గీతలు చెక్కి టైరు అచ్చులు వేసేవాణ్ని. చేతికి ఏది దొరికితే దానితో కంటికి కనిపించిన బండి చెయ్యడం ఓత్సు పట్టణానికీ, చిల్లకల్లుకీ ఒకటే.

ఈ కార్ల తయారీ కూడా చెప్పుకోదగ్గదే. వీటిలో ఎక్కువ భాగం తుత్తునాగం, అంటే జింకు. దానికి కొద్దిగా అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలుపుతారు. ఈ మిశ్రమం 400 డిగ్రీల లోపే కరుగుతుంది. కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో తోస్తే, తలుపు గీతలూ, దీపాల గుంటలూ, రేడియేటర్ కమ్మీలూ అన్నీ ఒక్క దెబ్బకు పడతాయి. తర్వాత అంచులు నునుపు చేసి, రంగు వేసి, అద్దాలూ సీట్లూ ప్లాస్టిక్‌తో అమర్చి, అడుగు పలకను రివెట్లతో బిగిస్తారు. లోహంలో సీసం కాస్త కలిసినా చాలు, ఏళ్లు గడిచాక ఆ బొమ్మ లోపలి నుంచి ఉబ్బి, పగిలి, పొడిపొడిగా రాలిపోతుంది. దానికి మందు లేదు. అందుకే పాత బొమ్మ కొనేటప్పుడు రంగు కంటే ముందు పగుళ్లు చూస్తాను.

లెక్కల మాస్టారిని కాబట్టి కొలతల గురించి చెప్పకుండా ఉండలేను. సేకరించేవాళ్లలో చాలామంది వాడే కొలత 64కు 1. అసలు బండిలో 64 అంగుళాలు బొమ్మలో ఒక అంగుళం. మారుతి 800 పొడవు 3,335 మిల్లీమీటర్లు. ఈ కొలతలో 52 మిల్లీమీటర్లు అవుతుంది. నాన్న ఒంటిచేత్తో ఎత్తిన చక్రం, టైరుతో కలిపి, శనగగింజంత అవుతుంది. జగ్గయ్యపేట నుంచి నందిగామ సుమారు 30 కిలోమీటర్లు. 64తో భాగిస్తే అరకిలోమీటరు కూడా రాదు.

తరగతిలో నిష్పత్తి పాఠం వచ్చినప్పుడు ఒక కారును జేబులో పెట్టుకుని వెళ్తాను. పిల్లల్ని అడుగుతాను: పొడవు 64 రెట్లు తగ్గితే బరువు ఎన్ని రెట్లు తగ్గాలి? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కాబట్టి 64ను మూడుసార్లు హెచ్చించాలి. 2,62,144 వస్తుంది. దాదాపు 650 కిలోల కారు రెండున్నర గ్రాములు తూగాలి. మరి చేతిలోని బొమ్మ 30 గ్రాములకు అటూ ఇటూ ఎందుకు ఉంది? తరగతి నిశ్శబ్దమైపోతుంది. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, తరచుగా మెకానిక్ కొడుకో, లారీ డ్రైవర్ కూతురో, "సార్, రేకు మందం" అంటారు. అదే జవాబు. అసలు కారు రేకు ఒక మిల్లీమీటరు లోపే. దాన్ని 64తో భాగిస్తే తలవెంట్రుక కంటే పలచనైన పొర మిగులుతుంది. అంత పలచగా లోహం పోయలేరు. కాబట్టి బొమ్మ పైకి కొలతకు లొంగుతుంది, లోపల లొంగదు. దాచుకోదగ్గ ప్రతి బొమ్మలోనూ ఇలాంటి రాజీ ఒకటి ఉంటుంది.

టొమికా వాళ్లది ఇంకో రకం రాజీ. వాళ్లకు కొలత కంటే డబ్బా ముఖ్యం. ప్రతి బండీ ఇంచుమించు ఒకే పెట్టెలో పట్టాలి. అందువల్ల బుల్లి కారూ, పెద్ద బస్సూ పక్కపక్కన పెడితే ఒకే పొడవు ఉంటాయి. పెద్దవాళ్ల కోసం 2004లో టొమికా లిమిటెడ్ వింటేజ్ అని వేరే వరస తెచ్చి, దానిలో మాత్రం 64కు 1 కొలతకు కట్టుబడ్డారు. నా అలమరలో రెండు రకాలూ ఉన్నాయి. మా అమ్మ సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువులో ఏనుగూ, కూరగాయల గంపా ఒకే ఎత్తున ఉండేవి. ఎవరికీ అది తప్పుగా తోచలేదు. కొలువులో అందరికీ ఒకే మెట్టు.

ఇక నా నియమం చెబుతాను. ప్రపంచంలో జపాన్ కార్ల నమూనాలు వేలల్లో ఉన్నాయి. పందెం కార్లు, సినిమా కార్లు, రంగు మారినవి, ముద్ర మారినవి. టొమికాలోనే ప్రతి నెలా మూడో శనివారం కొత్తవి విడుదలవుతాయి. అన్నీ కొనాలంటే జీతం చాలదు, జీవితం చాలదు. నేను మా రోడ్డు మీద నడిచిన బండ్ల కుటుంబాలను మాత్రమే దాచుకుంటాను. పరాయి పిల్లాడు వదిలేసిన క్రౌన్ ఒక్కటే దీనికి మినహాయింపు.

ఈ నియమం పెట్టుకున్నాక ఆశ్చర్యపోయాను. ఎన్ని జపాన్ బండ్లు ఈ దారిన పోయాయో! సుజుకీ నుంచి మారుతి 800, మారుతి వ్యాన్, పోలీసుల జిప్సీ. హోండా సిటీ. మిత్సుబిషి లాన్సర్. 2000 సంవత్సరంలో టొయోటా క్వాలిస్, 2005లో దాని చోట ఇన్నోవా. చెవ్రొలె పేరుతో వచ్చిన టవేరా కూడా లోపల జపాన్ ఇసుజు వాళ్ల పాంథర్ బండే. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో, 2016లో ఇసుజు వాళ్ల ఫ్యాక్టరీ మొదలైంది. అంతకు చాలా ముందు, 1980లలో, హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న వ్యాన్లు కట్టింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆల్విన్ నిస్సాన్ అని ముందు రాసి ఉన్న వ్యాన్లు మా షాపు ముందు ఆగేవి. మన హైదరాబాద్ ఫ్రిజ్ కంపెనీ బండి కూడా చేస్తుందా అని ఆశ్చర్యంగా చూసేవాణ్ని.

ఆ రోజుల్లోనే అలాంటి జపాన్ జోడీలు ఇంకో మూడు వచ్చాయి. ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, డీసీఎం టొయోటా. ఈ మూడోదాని దగ్గర కాసేపు ఆగాలి. మన తెలుగు పేపర్లు తిరగెయ్యండి. 'డీసీఎం వ్యాన్ బోల్తా', 'డీసీఎం ఢీకొని ఒకరికి గాయాలు' అని కనిపిస్తుంది. ఆ వ్యాన్ ఏ కంపెనీదైనా మనకు డీసీఎమ్మే. డీసీఎం టొయోటా కంపెనీ చేతులు మారి ఏళ్లు గడిచాయి. మాట మాత్రం తెలుగులో నిలిచిపోయింది. ఆ మూడు అక్షరాలూ ఢిల్లీ క్లాత్ మిల్స్, అంటే ఒక బట్టల మిల్లు పేరు. దానితో చెయ్యి కలిపిన టొయోటా పుట్టుక ఏమిటి? తొయొద సకిచి అనే ఆయన స్థాపించిన మగ్గాల కంపెనీ. 1933లో ఆ మగ్గాల కంపెనీలో మోటారు బండ్ల విభాగం తెరిచారు, 1937లో అది విడిగా టొయోటా కంపెనీ అయింది. సుజుకీ కూడా 1909లో హమామత్సు పట్టణంలో మగ్గాలతోనే మొదలైంది.

ఇప్పుడు మా నేలను ఒకసారి ఊహించుకోండి. నందిగామ పక్క చేలో తీసిన పత్తిని బోరాల్లో తొక్కి, డీసీఎంలో ఎత్తుగా నింపి, తాళ్లు కట్టి జిన్నింగ్ మిల్లుకు పంపుతున్నారు. బండి పేరు బట్టల మిల్లుది. బండి చేసిన చెయ్యి మగ్గాలు చేసిన చెయ్యి. పైనున్న బరువు పత్తి. ఇదంతా తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా షాపు ముందు ఆగిన ఆ వ్యాన్ చక్రానికి ఎన్నిసార్లు ప్యాచ్ వేశామో! ఆ చక్రం మీద మూడు దేశాల దూది ఉందేమో అనిపించింది. కాదు, రెండు దేశాలే. ప్రేమ ఎక్కువైతే లెక్కల మాస్టారికి కూడా అంకె జారుతుంది.

నా దగ్గర ప్రతి బండికీ నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంది. కొన్న తేదీ, ధర, ఎక్కడిది అన్నవి పైన నాలుగు గీతలు. కింద ఆ రకం బండి మా జీవితంలో చేసిన పని. జిప్సీ పేజీలో ఎన్నికల రోజుల గస్తీ. మారుతి వ్యాన్ పేజీలో పదకొండుమంది పిల్లలు ఎక్కిన బడి ప్రయాణం. క్వాలిస్ పేజీలో మా చెల్లెలి పెళ్లిచూపులు. ఇన్నోవాకు మాత్రం మొదట రెండు పేజీలు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మా ఊళ్ల నుంచి అమెరికా వెళ్లే పిల్లల్ని దిగబెట్టడానికి అర్ధరాత్రి బయలుదేరిన ఇన్నోవాలు ఎన్నో. వెళ్లేటప్పుడు ఏడుగురు, వచ్చేటప్పుడు ఆరుగురు. మూడో పేజీ రాయాల్సి వచ్చింది నాన్న కోసం. ఆయన్ని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లిందీ ఇన్నోవాయే. కీసర దాటేటప్పుడు ఆయన కళ్లు తెరిచి, "గాలి సమంగా ఉంది, బండి తూలట్లేదు" అన్నాడు.

ఈ అలవాటు మీ ఇంట్లో పిల్లలకు ఉంటే కసురుకోకండి. నాలుగు మాటలు మాత్రం చెప్పండి. ఒక దారి ఎంచుకోమనండి. మన ఊరి బండ్లనో, ఒకే కంపెనీవనో, ఒకే దశాబ్దానివనో. దారి లేకపోతే పోగు మిగులుతుంది, సేకరణ అవ్వదు. మన మెట్ట ఎండలు తెలిసినవే కదా, కిటికీ ఎదురుగా పెడితే రంగు వెలిసిపోతుంది. మెత్తటి రబ్బరు టైర్లను ప్లాస్టిక్ పలక మీద నేరుగా ఉంచితే ఏళ్ల తరబడి వేడికి అతుక్కుని పలకను కరిచేస్తాయి, కింద కాగితం ముక్క వేయాలి. దుమ్ము దులపడానికి గుడ్డ కంటే మెత్తటి రంగుల బ్రష్ మేలు. రేపు ఎక్కువ ధరకు అమ్ముదామని కొనడం మాత్రం వ్యాపారం. దాన్ని వ్యాపారమనే పిలవమనండి. జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక కారు తెస్తాడు. డబ్బా విప్పకుండా ఉంచితే విలువ పెరుగుతుందండీ అన్నాడు ఒకసారి. నేను అక్కడే విప్పి, బల్ల మీద నడిపించి, వాడి చేతికిచ్చాను. వాడు కూడా నడిపించాడు. నలభై ఏళ్లవాడు.

ఈ నీలం కారుకు కొత్త రంగు వేయించమని చాలామంది అన్నారు. రంగు విలువ జగ్గయ్యపేటకు ఒకరు చెప్పాలా? పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, గోపయ్య స్వాముల విగ్రహాలకు రంగులు దిద్దడానికి రెండేళ్లకోసారి మా ఊరికే తీసుకొస్తారు. ఆ ఊరేగింపు చూస్తూ పెరిగినవాణ్ని. దేవతకు రంగు కొత్తదైతే కళ పెరుగుతుంది, అందరూ గుర్తుపట్టే ముఖమే కదా. ఈ కారును గుర్తుపట్టాల్సింది ఒకే ఒక్కడు. దీని మీది గీతలు వాడు గీసినవి. రంగు వేస్తే వాడు గుర్తుపట్టలేడు. అందుకే వేయించలేదు.

నా అలమరలో చాలాకాలం ఒక ఖాళీ ఉండిపోయింది. చిన్న జపాన్ లారీలు చాలానే దొరికాయి, మిత్సుబిషి కాంటర్ కూడా దొరికింది. కానీ మన డీసీఎం, వెనక తెలుగు రాతలతో, మిరప బస్తాలతో, తాళ్లతో, ఎక్కడ దొరుకుతుంది? ఏ దేశంవాడు చేస్తాడు? అప్పుడు టొమికా పుట్టిన కారణం మళ్లీ గుర్తొచ్చింది. మన వీధిలో తిరిగే బండిని మనమే చెయ్యాలి. చేసేవాళ్లు ఇదే రోడ్డు మీద ఉన్నారు. నందిగామ దాటి, కంచికచర్ల దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు తిరిగితే కొండపల్లి.

కొండపల్లి బొమ్మలు చేసే కుటుంబాలవాళ్లు తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద తేమ తీసి, చెక్కుతారు. చేతులు, కాళ్లు, తలలు విడివిడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, దంపుళ్ల ఆడవాళ్లు. వాళ్లు కూడా తమ గుమ్మం ముందు కనిపించినదాన్నే బొమ్మ చేశారు. టొమికాకు ఎన్నో తరాల ముందే.

ఒక పనివాడి అరుగు మీద కూర్చుని నా డీసీఎం ఎలా ఉండాలో కాగితం మీద గీసి చూపించాను. పొడవు, వెడల్పు, చక్రాల కొలతలు, బస్తాల వరసలు అన్నీ మిల్లీమీటర్లలో రాశాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా బాగానే ఉంది గానీ మాస్టారూ, డ్రైవర్ని వేయలేదేమండీ?" అన్నాడు. నాకు మాట రాలేదు. 140 కార్లున్నాయి నా దగ్గర. ఒక్కదానిలోనూ మనిషి లేడు. సీట్లున్నాయి, స్టీరింగ్ ఉంది, అద్దాలున్నాయి, లోపల ఖాళీ. ఇన్నేళ్లలో నేను అది గమనించలేదు. "బండివాడు లేకుండా ఎడ్లబండి మేమెప్పుడూ చెయ్యలేదండీ. మనిషి లేకపోతే బండి ఎట్టా నడుస్తుంది?" అన్నాడాయన.

కాసేపు ఆలోచించి చెప్పాను. ఈ బండి నడవడం లేదు, ఆగి ఉంది. ముందు చక్రం దగ్గర ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో టైరు లివర్. ఆయన వెంటనే అడిగాడు: "చొక్కా ఏ రంగు వెయ్యమంటారు?" చొక్కా లేదు, బనీను అన్నాను. "తెల్లదేనా?" తెల్లదే గానీ మరకలు ఉంటాయి అన్నాను. నెలరోజుల తర్వాత వెళ్తే బొమ్మ సిద్ధంగా ఉంది. బస్తాలకు మిరపపండు ఎరుపు. బనీను మీద, కుడి భుజం కింద, నల్లగా మూడు చుక్కలు. లెక్కలో చూస్తే మనిషి బండికి కాస్త పెద్దవాడయ్యాడు. దిద్దమని అడగలేదు. అలమరలో ఆ బండి, ఆ మనిషి పక్కనే ఈ నీలం క్రౌన్ ఉంటుంది.

చివరగా ఒక మాట. ఇంతసేపూ ఈ మాట కోసమే ఆగాను. నాన్న చెప్పిన పని ఒకటి ఇంకా మిగిలి ఉంది, దానికి రేడియో కంటే మంచి దారి నాకు తోచలేదు. 1986 వేసవిలో ఒక సాయంత్రం తెల్ల అంబాసిడర్‌లో విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ వెళ్తూ, చిల్లకల్లు దగ్గర వెనక చక్రానికి పంక్చర్ వేయించుకున్న కుటుంబంలోని అబ్బాయీ, ఇప్పుడు మీకు యాభై దాటి ఉంటాయి. మీ నీలం కారు భద్రంగా ఉంది. కుడివైపు తలుపు మీద మేకుతో గీసిన ఒక అక్షరం ఉంది. అదేమిటో నేను చెప్పను, మీకు తెలుసు. ఆ అక్షరం చెప్పి తీసుకెళ్లండి.